ఆరు మూతల కొలత

పోయిన ఏడాది వానలప్పుడు మా తమ్ముడి కొడుకు కారుకు గేదె అడ్డం వచ్చి ముందు బంపర్ పగిలింది. మార్కాపురంలో కంభం రోడ్డు మీద ఒక రేకుల షెడ్డు దగ్గర కారు ఆపి, అత్తా పది నిమిషాలు కూర్చో అని వాడు దిగిపోయాడు. నేను అద్దం దించుకుని కూర్చున్నాను. షెడ్డులో పాతికేళ్ళ పిల్లవాడొకడు డబ్బా మూత తీశాడు. ఆ వాసన నన్ను తాకి ఇన్నేళ్ళయినా, ముక్కు మరిచిపోలేదు. పంక్చర్లు వేసే జిగురును మాగిన పండుతో కలిపి ఎండలో పెట్టినట్టు ఉంటుంది. తీపిగా మొదలై నెత్తికెక్కే ఘాటు. కారు దిగి వెళ్ళి ఆ పిల్లవాడి పక్కన నిలబడ్డాను. ఫైబర్ పనికి వాడే తెల్లటి గాజుపోగుల మ్యాట్‌ను కత్తెరతో కాకుండా చేత్తో చింపుతున్నాడు. అదే సరైన పద్ధతి. చింపిన అంచులోని పోగులు పక్క ముక్కతో కలిసిపోతాయి, కత్తిరించిన అంచు గీతలాగా మిగిలిపోతుంది. ఎవరు నేర్పారు నాయనా అని అడిగాను.

ఫోన్లో చూసి నేర్చుకున్నానన్నాడు. వాళ్ళ తాత గిద్దలూరులో పేరున్న టింకరింగ్ మేస్త్రి అట. అయితే ఆయన ముందు ఈ పని మాటెత్తకూడదట. "ఆయనకు ఫైబర్ అంటే పడదవ్వా. వయసులో ఉన్నప్పుడు ఈ ఊర్లోనే ఆస్పత్రి బండికి తలుపు చేసినాడంట. మందు కొలత తప్పినాడు. తలుపు ఊడి ఒక ముసలామె కింద పడిందంట. అప్పట్నుంచి ఇనుము తప్ప ఇంకోటి ముట్టలేదు." ఆ పిల్లవాడు దాన్ని తప్పుగానో సిగ్గుగానో చెప్పలేదు. తాతకు బెల్లం పడదని చెప్పినట్టు చెప్పాడు. వాళ్ళ ఇంట్లో అది అంత మామూలు మాట అయిపోయింది. తాత పేరు అడగకుండానే నాకు తెలిసింది. అయినా అడిగాను. మస్తాన్ అన్నాడు.

మస్తాన్ కొలత తప్పలేదు. ఆ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే ఉండేవాళ్ళం. మా నాయన ప్రభువు దగ్గరికి వెళ్ళి చాలా కాలమైంది. మిగిలింది నేను.

మా తాలూకాను కర్నూలు నుంచి విడదీసి కొత్త జిల్లాలో కలిపిన రోజులవి. పెద్దవాళ్ళు జిల్లాకు పోతున్నామంటే ఇంకా కర్నూలుకని అర్థం. మా నాయన దేవదానం మా సంఘం నడిపే చిన్న వైద్యశాలలో బండి డ్రైవరు, ఆదివారాల్లో సంఘ పెద్దల్లో ఒకడు. మా ఇంట్లో పొయ్యి వెలిగించకముందు ప్రార్థన జరగాలి. చీకటితోనే అమ్మ మమ్మల్ని లేపేది. నాయన గ్రంథాన్ని మోకాళ్ళ మీద పెట్టుకుని, నల్లటి చూపుడువేలు వరుస కింద జరుపుతూ చదివేవాడు. ఎంత సబ్బు రుద్దినా ఆ గోళ్ళలో గ్రీజు పోయేది కాదు. పుటల కింది అంచులన్నీ ఆయన వేలి మసితో మెరుస్తుండేవి. చదివాక కీర్తన, కీర్తన తర్వాత అమ్మ ప్రార్థన. అమ్మ ప్రార్థనలో ఊరూరి రోగుల పేర్లు ఉండేవి. ఆ తర్వాతే కొర్రన్నానికి ఎసరు పెట్టేది. సంఘంలో ఎవరైనా కొత్త పని మొదలుపెడితే, కొత్త గడప పెట్టినా, కొత్త మగ్గం దింపినా, కొత్త నాగలి కొనుక్కున్నా, పెద్దలు ప్రార్థించిన నూనెను వేలితో తీసి సిలువ గుర్తు పెట్టడం మాకు అలవాటు. ఒలీవ నూనె మాకెక్కడిది? పల్లీనూనె మీదే ప్రార్థన చేసి, ఖాళీ టానిక్కు సీసాలో పోసి, గూట్లో పెట్టేవాళ్ళం.

వైద్యశాల బండి విదేశం నుంచి వచ్చిన డాక్టరమ్మ వదిలి వెళ్ళిన పొడవాటి కారు. వెనక సీటు మడిచేస్తే ఒక మనిషి పడుకోవచ్చు. వెనక తలుపు పక్కకు తెరుచుకునేది. అర్ధవీడు నుంచి, హనుమంతునిపాడు నుంచి, చంద్రశేఖరపురం నుంచి కాన్పు కష్టమైన ఆడవాళ్ళను ఆ తలుపులోంచే ఎక్కించేవాళ్ళు. నాయనకు ఆ బండి అంటే ప్రాణం. రోజూ సాయంత్రం బావినీళ్ళు తోడి తలుపులు, చక్రాలు, కింద అడుగుదాకా కడిగేవాడు. మా బావుల్లో నీళ్ళు ఉప్పు. ఆయన ప్రేమే ఆ ఇనుమును తినేసిందని మస్తాన్ ఎగతాళి చేసేవాడు. "మామా, బండిని ఇంకో రెండేండ్లు కడిగితే స్టీరింగ్ మాత్రం మిగులుతాది, దాన్ని చేత పట్టుకోని నడిచిపోవచ్చు." వెనక తలుపు కిందిసగం జల్లెడైపోయింది. అలాంటి తలుపు ఎక్కడా దొరకలేదు. ఆ కంపెనీ బండ్లు ఈ దేశానికి రావడం మానేశాయన్నారు.

మస్తాన్‌కు అప్పుడు ముప్పై దాటి ఉండవు. బస్టాండు పక్కన టింకరింగ్ కొట్టు. వాళ్ళ నాన్న ఊరూరా తిరిగి పరుపుల దూది ఏకేవాడు. అందుకేనేమో, ఇనుము పని చేసేవాడయినా పోగు ఉన్న వస్తువు ఏది చూసినా చేతిలోకి తీసుకుని లాగి చూసేవాడు. మద్రాసులో ఒక పడవల షెడ్డులో ఫైబర్ పని చూసి వచ్చాడు. గాజును దారంలాగా తీస్తారని, దానికి జిగురు తాగిస్తే ఇనుమంత గట్టిపడుతుందని, తుప్పన్న మాటే ఉండదని చెప్పాడు. నాయన నమ్మలేదు. మస్తాన్ జేబులోంచి అరచేయంత ముక్క తీసి ఇచ్చాడు. నాయన దాన్ని సుత్తితో కొట్టాడు, నీళ్ళలో వేశాడు, వారం తర్వాత తీసి మళ్ళీ కొట్టాడు. అప్పుడు పెద్దలను అడిగాడు. తలుపు ఒకటి చేయించు, నిలిస్తే మడ్‌గార్డులు, అడుగు రేకులు అన్నీ మస్తాన్‌తోనే చేయిద్దాం అన్నారు వాళ్ళు. మస్తాన్‌కు అది చిన్న విషయం కాదు. కొట్టు ముందు కొత్త పని పేరు రాసి బోర్డు పెట్టాలని అప్పుడే అనుకున్నాడు.

సరుకు కొనడానికి నన్ను కూడా మద్రాసు తీసుకుపోవడం అమ్మ ఆలోచన. నేను టీచరు ట్రైనింగు ముగించి ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ, ఇంట్లో మిషను కుట్టేదాన్ని. గుడ్డ పట్టుకుని చూస్తే ఎన్ని ఉతుకులకు నిలుస్తుందో చెప్పగలనని సంఘంలో పేరు. "మీ ఇద్దరికీ ఇనుము తెలుసు, ఇదేమో గుడ్డంట, పిల్లను తీసుకుపోండి" అంది అమ్మ. అలా ముగ్గురం ఒంగోలు దాకా బస్సులో, అక్కడ నుంచి రైల్లో పోయాం.

పారిస్ కార్నర్ వెనక సందులో ఉంది ఆ దుకాణం. తెలుగు మాట్లాడే తమిళాయన, నుదుట విభూతి, పొట్టి చేతుల బనియను. తెల్లటి చుట్టలు మూడు రకాలు బల్ల మీద పరిచాడు. ఒకటి పొడి పోగులను పరిచి అణిచిన మ్యాట్, దూది పొరలాగా ఉంది. రెండోది సన్నగా నేసిన గుడ్డ, వెండిలా మెరుస్తోంది. మూడోది గోనెపట్టాలాగా ముతక నేత. నాయన మెరిసేదాన్ని చూపించి అదే కావాలన్నాడు. నేను దాన్ని తీసుకుని మోకాలి మీద పరిచి చూశాను. వంపు దగ్గర ముడత పడింది. మ్యాట్‌ను పరిచాను. ఎటు లాగితే అటు సాగి వంపులో కూర్చుంది. రవిక చంక దగ్గర నేత గుడ్డ ఎలా ముడతపడుతుందో నాకు తెలుసు. వంపులున్న తలుపుకు మ్యాట్, బరువు పడే కీళ్ళ దగ్గర మాత్రం పైన ముతక నేత పట్టీ చాలు అన్నాను. దుకాణం ఆయన నవ్వాడు. "చీర కాదమ్మా, ఇంత చూసేదానికి." మస్తాన్ మాత్రం నవ్వలేదు. నేను చెప్పినట్టే పడవల షెడ్డులో చేస్తున్నారని చెప్పాడు. దుకాణం ఆయన తీసిచ్చిన మొదటి చుట్ట విప్పి వాసన చూశాను. వానకు తడిసి ఆరిన గోడ వాసన. అంచుల్లో లేత పసుపు. ఇది తడి తాగిన సరుకు, వద్దు అన్నాను. ఆయన ముఖం మారింది, లోపలికి వెళ్ళి కొత్త చుట్ట తెచ్చాడు. మస్తాన్ రెసిన్ అనే జిగురు డబ్బాలను ఒక్కొక్కటే వంచి, చెవి దగ్గర పెట్టుకుని, లోపల జిగురు తేనెలా కదులుతోందో పాతబడి ముద్దైందో విని ఏరాడు.

జిగురును గట్టిపరిచే మందులు రెండు. రెండూ నేరుగా కలిస్తే మంట లేస్తుందని దుకాణం ఆయన హెచ్చరించాడు. ఊదారంగు మందు నాయన సంచిలో, నీళ్ళలాంటి హార్డనర్ మస్తాన్ సంచిలో పెట్టుకుని, రైలు పెట్టెలో ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చున్నారు. మధ్యలో గాజు చుట్ట ఒడిలో పెట్టుకుని నేను. మెడంతా దురద. నేను ఏరిన సరుకు అన్న గర్వంలో గోక్కోవడం కూడా మరిచిపోయాను. ఆ గర్వం గురించి దేవుని ముందు చాలాసార్లు ఒప్పుకున్నాను. అసలు ఒప్పుకోవలసింది మాత్రం అది కాదు.

పని మా ఇంటి వెనక వసారాలో జరిగింది. పాత తలుపు చిల్లులను గచ్చుతో పూడ్చి, నున్నగా గీకి, మైనం రుద్ది దాన్నే అచ్చుగా పెట్టుకున్నాం. ఆ ఉదయం మస్తాన్ మా ఇద్దరినీ నిలబెట్టి చెప్పాడు. మైనం అచ్చు మీద మాత్రమే ఉండాలి. మ్యాట్‌కు నూనె గాని నీళ్ళు గాని తగలకూడదు, తగిలితే జిగురు పట్టదు. నన్ను రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కోమన్నాడు. జడకు రాసుకున్న నూనె ఉందని తలకు గుడ్డ కట్టించాడు. మూడు పొరలు వెయ్యాలి. ఊదారంగు మందు ముందే కలిపి పెట్టిన రెసిన్ పొరకు ఒక చెంబు, హార్డనర్ రెండు మూతలు. లెక్క తప్పకూడదని నా చేతికి పలక ఇచ్చాడు. అతను మూత నింపి పోసినప్పుడల్లా నేను బలపంతో ఒక గీత పెట్టాలి.

నాకు అతను చెప్పింది అర్థం కాలేదని చెప్పలేను. అర్థమైంది. కాని గూట్లో ఉన్న నూనె నా లెక్కలో నూనె కాదు. అది పెద్దలు చేతులుంచి ప్రార్థించినది. ఆ తలుపులోంచి కాన్పు నొప్పులతో ఎంతమంది ఎక్కుతారో తలుచుకుంటే, గుర్తు పెట్టకుండా ఆ పని ముగించడం నాకు పాపమనిపించింది. మస్తాన్ ముందు పెడితే వద్దంటాడు. అందుకని అతను పక్కకు తిరిగి రెసిన్ కలిపేటప్పుడు, సీసాలో వేలు ముంచి, మ్యాట్ నాలుగు మూలల్లో సిలువ గుర్తు పెట్టాను. మొదటి పొరకు, రెండో పొరకు, మూడో పొరకు. ప్రతిసారీ పెదవులు కదపకుండా ప్రార్థించాను. అతను కుంచెతో అద్ది, గాలి బుడగలు నొక్కి తీస్తూ వచ్చాడు. పలక మీద ఆరు గీతలు పడ్డాయి.

తలుపు అందంగా వచ్చింది. రంగు వేశాక నాయన దాని ముందు నిలబడి తల దువ్వుకున్నాడు. నాలుగు నెలలు బాగా నడిచింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం అర్ధవీడు దగ్గర గొర్రెలు కాసుకునే కుటుంబంలో కోడలికి నొప్పులు వస్తున్నాయని కబురొస్తే నాయన బండి తీసుకుపోయాడు. కోడలిని పడుకోబెట్టి, అత్త గురవమ్మ వెనక తలుపుకు వీపు ఆనించి, ఆమె కాళ్ళు ఒడిలో పెట్టుకుని కూర్చుంది. వాగు దాటి గట్టెక్కే కుదుపుకు కీళ్ళ దగ్గర తలుపు విడిపోయింది. గురవమ్మ తలుపుతో పాటు రాళ్ళ మీద పడింది. కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. కోడలు అదృష్టం కొద్దీ సీటు ఇనుము పట్టుకుంది. ఆ సాయంత్రమే మగపిల్లవాడు పుట్టాడు. గురవమ్మ చెయ్యి మాత్రం వంకరగానే అతుక్కుంది. తర్వాత ఎప్పుడు వైద్యశాలకు వచ్చినా నాయనను చూసి, "నన్ను మాత్రం తలుపు తెరిచే పని లేకుండానే దించినావు గదా సామీ" అని నవ్వేది. ఎడమచేత్తో కర్ర పట్టుకోవడం ఆమెకు చివరిదాకా అలవాటు కాలేదు. పాలు పితకడం మానేసింది.

విరిగిన తలుపు వసారాలోకి వచ్చింది. నేనొక్కదాన్నే ఉన్నప్పుడు దగ్గరికి వెళ్ళి చూశాను. మిగతా అంతటా పొరలు ఒకదానితో ఒకటి కరిచిపట్టుకుని ఉన్నాయి. కీళ్ళున్న రెండు మూలల్లో మాత్రం పుస్తకం పుటల్లా విడిపోయాయి. ఒక పొర పైకెత్తాను. చుట్టూ తేనెరంగు జిగురు, మధ్యలో జిగురు తాగని పొడి పోగులు తెల్లగా మెరుస్తూ, నా వేలంత వెడల్పున, సిలువ ఆకారంలో ఉన్నాయి.

ఆ మూల ముక్కను విరిచి నాయనకు చూపించి అంతా చెప్పాను. ఆయన చాలాసేపు వేలితో ఆ గుర్తును తడిమాడు. తర్వాత లేచి దాన్ని పొయ్యిలో పెట్టాడు. జిగురు నల్లటి పొగతో కాలిపోయింది, గాజు మాత్రం కాలలేదు. తెల్లటి చాపలా మిగిలింది. నాయన దాన్ని పట్టకారుతో తీసి, పెరట్లో గుంత తీసి పూడ్చాడు. చేతులు దులుపుకుని నా ముందు కూర్చున్నాడు.

"ఈ మాట నీ నోట్లోనే ఉండనీ. ప్రార్థన నూనె వల్ల తలుపు ఊడిందని తెలిస్తే రేపు ఊర్లో ఎవురు మన గుడి మెట్లెక్కుతారు? మస్తాన్‌కు ఇనప పని ఉండనే ఉంది, బతుకుతాడు. దేవుని పేరు పోతే యాడ నుంచి తెస్తాం?"

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు మస్తాన్‌ను పిలిపించారు. అతను గుమ్మం బయట చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. జిగురు సరిగా గట్టిపడలేదు కనుకనే పొరలు విడిపోయాయని, మందు తగ్గించి ఉంటాడని అప్పటికే అందరూ అనుకుంటున్నారు. ఎన్ని మూతలు పోశావని వాళ్ళలో వయసు మీరిన పెద్దయ్య అడిగారు.

"ఆరు పోసినా పెద్దయ్యా. కరుణమ్మ పలక మీద గీతలు పెట్టింది. ఆ యమ్మనే అడగండి."

అందరూ ఆడవాళ్ళ వైపు తిరిగారు. నేను చాప మీద రెండో వరుసలో ఉన్నాను. నాయన గొంతు సవరించుకున్నాడు. నేను లేచి నిలబడి, "నాకు గుర్తు లేదు" అన్నాను.

మస్తాన్ నన్ను కోపంగా చూసి ఉంటే బాగుండేది. అతను నన్ను చూసిన చూపు వేరు. ఆ రోజును మొదటి నుంచి గుర్తు తెచ్చుకుంటున్నట్టు, వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటున్నట్టు చూశాడు. తనే ఎక్కడో ఒక మూత మరిచిపోయాడేమో అన్న అనుమానం అతని ముఖంలోకి రావడం నేను కళ్ళారా చూశాను. "ఆరే అనుకుంటున్నా" అన్నాడు తర్వాత. అంతకుముందు ఆరు పోసినా అన్నవాడే. పెద్దలకు అది చాలింది. మడ్‌గార్డుల పని ఇవ్వలేదు. ఊర్లో కొలత తప్పే మస్తాన్ అన్న పేరు పడింది. ఏడాది తిరగకముందే కొట్టు ఎత్తేసి గిద్దలూరు వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఆ బంపర్ లాంటివి ఫోన్లో రంగుతో సహా ఎంచుకుంటే మూడో రోజుకు ఇంటికి వస్తున్నాయి. ఎవరూ చుట్ట విప్పి వాసన చూడడం లేదు, డబ్బాను చెవి దగ్గర పెట్టుకోవడం లేదు. దానికి నేను బాధపడను. చేత్తో చేసిన పని మంచిదని, ఆ రోజుల మనుషులు నిజాయితీపరులని మా వయసువాళ్ళు చెబుతుంటే నేను మాట కలపలేను. మా చేతులు మంచివే. చేత్తో చేసిన తప్పుకు ముఖం ఉంటుంది, ఎవరిదో ఒకరి పేరు పెట్టాల్సి వస్తుంది. మేం ఒక పేరు పెట్టాం. నేను ఇప్పటికీ నూనెతో ప్రార్థించే మనిషినే. రోగుల తలల మీద చేతులుంచుతాను, స్వస్థతలు చూశాను, వాటిని అబద్ధమనలేను. కాని దేవుని పేరు నిలబెట్టడానికి ఆయన నా అబద్ధాన్ని ఎన్నడూ అడగలేదు. అబద్ధ సాక్ష్యం వద్దన్న ఆజ్ఞను ఆదివారం బడిలో ఎందరు పిల్లల చేత వల్లె వేయించానో లెక్కలేదు. నాయన మీద నెట్టడం కూడా నాకు చేతకాదు. ఆయన మౌనంగా ఉండమన్నాడు. గుర్తు లేదన్న మాట నాది.

షెడ్డులో ఆ పిల్లవాడితో మాట్లాడిన వారానికి గిద్దలూరు వెళ్ళాను. ఇంటి ముందు షెడ్డులో మస్తాన్ కొడుకు రేకు కొడుతున్నాడు. కోడలు కుర్చీ వేసింది. మస్తాన్ నులక మంచం మీద గోడకానుకుని కూర్చున్నాడు. గడ్డం తెల్లబడింది. దేవదానం కూతురినని చెబితే గుర్తుపట్టి, నాయన ఎప్పుడు పోయాడో అడిగాడు, అమ్మను అడిగాడు. నేను దారంతా కూర్చుకున్న మాటలన్నీ మరిచిపోయాను.

"అన్నా, ఆ రోజు నువ్వు పోసింది ఆరు మూతలే. నేను గీతలు పెట్టినా. నీకు తెలియకుండా మ్యాట్‌కు నూనె పెట్టింది నేను. తలుపు ఊడింది దానికి."

కొడుకు సుత్తి దెబ్బలు ఒక్కొక్కటే వినిపించాయి. ఏ పొరకు పెట్టావని మస్తాన్ అడిగాడు. మూడింటికీ అన్నాను. ఎక్కడ అన్నాడు. నాలుగు మూలల్లో. "కీళ్ళ కాడనా?" అన్నాడు. అవునన్నాను. అతని కుడిచెయ్యి కుంచె పట్టుకున్నట్టు దుప్పటి మీద రెండుసార్లు కదిలింది.

"నూనె తగలగూడదని చెప్పినా గదమ్మా."

"చెప్పినావన్నా."

"అయితే కొలత సరిపోయింది."

అది నన్ను అడిగిన ప్రశ్న కాదు. అయినా సరిపోయిందన్నా అన్నాను. క్షమాపణ కోసం నోరు తెరవబోయాను. అతను చెయ్యెత్తి ఆపి, లోపలికి చూసి కోడలిని పిలిచాడు. తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ ఆమె వచ్చింది. "ఈ యమ్మ చెప్పేది విను" అన్నాడు ఆమెతో. నాతో, "మళ్ళా చెప్పమ్మా" అన్నాడు. చెప్పాను. షెడ్డులో సుత్తి ఆగింది. కొడుకును కేకేసి, గుమ్మంలో నిలబెట్టి, మళ్ళీ చెప్పమన్నాడు. మూడోసారి చెప్పేటప్పుడు మస్తాన్ నా వైపు చూడలేదు. కొడుకు ముఖమే చూస్తున్నాడు. నన్ను మన్నించానని గాని, మన్నించలేదని గాని అనలేదు. కొడుకు ఏదో అనబోతే వద్దని తల ఊపాడు.

తర్వాత పక్కింటాయన ఉన్నాడా అని కోడలిని అడిగాడు. మార్కాపురంలో కొట్టున్న రోజుల నుంచి ఎరిగిన మనిషట, నమాజుకు వెళ్ళాడట. ఆయనకూ ఒకసారి చెప్పి పోవాలని, వచ్చిందాకా కూర్చోమన్నాడు నన్ను. కోడలు టీ తెచ్చి ఇచ్చింది. గ్లాసు పట్టుకుని కూర్చున్నాను.